చేతికివ్వని చాకు

మా బావ కింది పెదవి మీద, ఎడమ వైపున, ఎనిమిది మిల్లీమీటర్ల పొడవున ఒక మచ్చ ఉండేది. సెలవు మీద ఇంటికొచ్చిన గంటలోనే అక్క దాన్ని పట్టేసింది.

"ఇదేంటండీ?"

"గడ్డం గీసుకుంటుంటే తెగింది."

పెదవి మీద గడ్డం ఎలా మొలుస్తుందని నాకు అనుమానం వచ్చింది. అక్క మాత్రం నమ్మింది, లేదా నమ్మినట్టు ఊరుకుంది.

బావ మా మేనత్త కొడుకు. అక్కని చేసుకోక ముందు నుంచీ నాకు బావే కాబట్టి మా మధ్య 'మీరు' అనే మాట ఎప్పుడూ లేదు. సైన్యంలో సిపాయి, అతను డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ అక్క మా ఇంట్లోనే ఉండేది. అది తొంభైల చివర. నేను కాకినాడలో డిప్లొమా రెండో సంవత్సరం, మెకానికల్. సామర్లకోటలో మా ఇంటి నుంచి రోజూ వెళ్ళి వచ్చేవాణ్ణి. జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు, సంచిలో మందాలు కొలిచే వెర్నియర్ లేకుండా బయటికి కదిలేవాణ్ణి కాదు. అందుకే బావ నన్ను పేరుతో పిలవడం మానేసి ఇంజనీరూ అనేవాడు. అందులో సగం వెటకారం.

మర్నాడు అరుగు మీద కూర్చున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. కిందటి చలికాలం కొండ మీద పోస్టులో ఉన్నప్పుడు అతని దగ్గర ఒక మడత చాకు ఉండేది. దాన్ని తెరవాలంటే కోసే రేకు మీద ఉన్న చిన్న గాడిలో గోరు పెట్టి లాగాలి. ఉన్ని గ్లవుజు మీద ఇంకో గ్లవుజు వేసుకున్న చేతికి గోరెక్కడిది? విప్పితే నిమిషంలో వేళ్ళు కొయ్యముక్కలు. ఒక రోజు ఓపిక లేక పళ్ళతో లాగాడు. ఇనుము పెదవికి అతుక్కుపోయింది.

"లాగితే పెదవి కూడా వచ్చేసింది" అన్నాడు మామూలుగా. "మీ అక్కకి చెప్పావో, నీ వెర్నియర్ ఏలేరు కాలవలో ఉంటుంది."

ఈ చలికాలం కూడా అదే ఎత్తులో డ్యూటీ. శనివారం సాయంత్రం బండికి బయల్దేరాలి. మేం మాట్లాడుకున్న రోజు ఆదివారం.

"నాకో మంచి చాకు చూసి పెట్టరా. రెండొందలు దాటకూడదు. గ్లవుజు విప్పకుండా పని జరగాలి. అంతే."

ఆ 'అంతే' నాకు చాలలేదు. లాంగ్ నోట్‌బుక్ తెరిచి, పేజీకి అడ్డంగా గీత కొట్టి, ఉపయోగాలు అని శీర్షిక రాశాను. మొదటి గడిలో నేనే 'శత్రువుతో ముఖాముఖి' అని నింపేశాను. బావ వంగి చూసి, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"దానికి తుపాకీ ఇచ్చారు కదరా! ఉల్లిపాయలు రాసుకో."

"ఉల్లిపాయలా?"

"ఉల్లిపాయలు. డబ్బా మూతలు. గుడారం తాళ్ళు. కిరసనాయిలు క్యాను మూత బిగుసుకుపోతే దాన్ని తట్టడం. గడ్డ కట్టిన బూటు లేసు కొయ్యడం. చపాతీ పిండి కూడా రాసుకో, అక్కడ పిండి కూడా రాయిలా ఉంటుంది."

శత్రువుని కొట్టేసి ఉల్లిపాయలు రాశాను. మొత్తం తొమ్మిది పనులు తేలాయి. తొమ్మిదిలో ఒక్కటీ వీరోచితం కాదు. కానీ రోజుకి పదిసార్లు చేసే పనులు కాబట్టి, నా చదువు వీటికి పనికొస్తుందని కొంచెం గర్వంగా, సరిపోతుందో లేదో అని కొంచెం భయంగా అనిపించింది.

సోమవారం క్లాసు ఎగ్గొట్టి రాజమండ్రి వెళ్ళాను. ఒక కొట్టులో పిడి చివర దిక్సూచి ఉన్న కత్తి, వీపు మీద రంపపు పళ్ళతో, గాజు పెట్టెలో మెరుస్తూ ఉంది. బేరమాడితే నూట ఎనభైకి దిగాడు. ఒక్క క్షణం మనసు జారింది. పిడి చివరి మూత తిప్పి లోపలికి చూశాను. రేకు పిడిలోకి వేలెడు మేర కూడా వెళ్ళలేదు. ఒక సన్నటి బోల్టుకి నట్టు బిగించారు. పిడంతా డొల్ల.

"ఇది తడితే ఊడిపోతుందండీ" అన్నాను.

"దీంతో తట్టడమేంటి బాబూ, షోకేసులో పెట్టుకుంటారు గానీ!" అన్నాడు కొట్టాయన నిజాయితీగా.

మంగళవారం కాకినాడలో మూడు కొట్లు తిరిగాను. వంటింటి చాకులు పలచన. మడత చాకులు గ్లవుజు షరతు దగ్గరే పోయాయి. అప్పుడు తీర్మానించుకున్నాను, కొనడం కాదు, చేయించాలి.

మా ఊళ్ళో చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్ళే దారిలో ఒక కమ్మరి ఉండేవాడు. కొబ్బరి దింపేవాళ్ళు తమ కత్తుల కోసం ఆయన దగ్గరికి దూరం నుంచి వచ్చేవారు. బుధవారం పాత ఇనుము కొట్టులో విరిగిన లారీ కమాను పట్టీ ముక్క కొని, బావ గ్లవుజు ఒకటి పట్టుకుని వెళ్ళాను. రేకు అయిదంగుళాలు, వెన్ను మందం నాలుగు మిల్లీమీటర్లు, వెడల్పు ఇరవై ఎనిమిది, పిడి చివరి దాకా ఒకే ఇనుము. కొలతలన్నీ వేసి గీసిన బొమ్మ ఇచ్చాను. పిడి మందం తేల్చడానికి గ్లవుజు తొడుక్కుని రకరకాల కర్రముక్కలు పట్టుకుని చూస్తుంటే, కొడవళ్ళు సాన పెట్టించుకోడానికి వచ్చినవాళ్ళు నన్నే చూస్తున్నారు. భాద్రపదం ఉక్కలో చేతికి ఉన్ని తొడుగు.

"అబ్బాయిగారి చేతులకేమైనా జబ్బా అండీ?" అని ఒకాయన కమ్మరిని అడిగాడు.

"కాదండి, సదువు" అన్నాడు కమ్మరి.

పని పట్టీ కూడా వేసుకున్నాను. గురువారం సాగగొట్టడం, రివిట్ల బెజ్జాలు. శుక్రవారం కాల్చి ముంచి గట్టిపరిచే పదును, సాన. శనివారం పొద్దున్న ఇంటి దగ్గర పిడి బిగింపు. మధ్యాహ్నానికి బావ పెట్టెలో ఉంటుంది. గురువారం అనుకున్నట్టే జరిగింది. పదును పట్టాక ఇనుముకి బెజ్జం పడదని ముందే డ్రిల్లు బిట్లు తీసుకెళ్ళాను. కమ్మరి తలూపాడు. "ఆ మాత్రం తెలుసన్నమాట మీకు." ఆయన నోట అది చాలా పెద్ద మెచ్చుకోలు.

సాయంత్రం లేచి వస్తూ, "రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాను.

"రేపేంటండీ బాబూ? రేపు అమావాస్య. కొలిమి ముట్టుకోం."

నా పట్టీలో గంటలున్నాయి, అంగుళాలున్నాయి, అమావాస్య లేదు.

ఇంటికొచ్చి విషయం చెబితే అమ్మ రెండో దెబ్బ కొట్టింది.

"శనివారం చేయిస్తావా? శనివారం నాడు ఇనుము గుమ్మం దాటి లోపలికి రావడానికి వీల్లేదు. అందులోనూ కొండల మీదకి వెళ్ళే మనిషికి!"

"బుధవారం కొన్న ఇనుమే అమ్మా. ఆయన కాల్చి ఇస్తాడంతే."

"కొన్న రోజు కాదురా, ఇంటికొచ్చే రోజు."

నేను వాదించబోతే బావ కన్నుగీటి ఆపాడు. "ఇంటికి రానక్కర్లేదత్తా. తిన్నగా స్టేషనుకి తెచ్చేస్తాడు. స్టేషనుకి శనివారం లేదుగా." అమ్మ దానికి ఒప్పుకుంది. ఆ తర్కం నాకు ఇప్పటికీ అర్థం కాదు, కానీ నా సమస్య తీరింది.

శనివారం తెల్లారేసరికి కొలిమి దగ్గరున్నాను. రేకుని ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. ఆ తర్వాత అసలు తగువు. అలా ముంచిన ఇనుము గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్ళీ కొంచెం వేడి చేసి మెత్తబరచాలి. ఎంత వేడికి ఆపాలన్నది ఇనుము మీద తేలే రంగుని బట్టి తెలుస్తుంది. పుస్తకంలో పట్టిక ఉంది. ఎండుగడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం. గడ్డి రంగు దగ్గర ఆపితే అంచు అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. నాకు గట్టిదే కావాలి. పుస్తకం తెరిచి డిగ్రీలు చదివి వినిపించాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంచు గోధుమకి, వీపు నెమలికంఠానికి తెత్తానండి."

"నెమలికంఠం అని ఇందులో లేదండీ."

"మీ పుస్తకంలో నెమలి లేకపోతే నేనేం చేత్తానండీ?" కొలిమి తిత్తి ఒకసారి ఊది, మెల్లిగా అన్నాడు. "బావగారు ఉండేది మంచులో అన్నారు కదా. సలిలో మనిసే కాదండి, ఇనుమూ మొండికేత్తది. గట్టిగా ఉంచితే డబ్బా మీద ఒక్క దెబ్బకి ముక్కు ఎగిరిపోద్ది. మెత్తగా ఉంటే మహా అయితే మళ్ళీ నూరుకుంటారు. అక్కడ ఇరిగితే కొత్తది ఎవరిత్తారండీ?"

పుస్తకంలో ఇంకో పాఠంలో, చలికి ఉక్కు పెళుసు బారుతుందని నేనే ఎర్ర పెన్నుతో గీత గీసుకున్న వాక్యం గుర్తొచ్చింది. రెండు పాఠాలని కలిపి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. పుస్తకం మూసి సంచిలో పెట్టేశాను. వీపు మీద రంగు పాకుతూ వచ్చి, ఊదా దాటి, మెడ వంచిన నెమలి మీద ఎండ పడినప్పటి నీలానికి రాగానే ఆయన చటుక్కున పక్కకి తీశాడు. మా ల్యాబులో అంత కచ్చితంగా ఎవరూ చేయగా నేను చూడలేదు.

సాన అయ్యేసరికి మధ్యాహ్నం రెండు. నల్లతుమ్మ పిడికి మూడు ఇత్తడి రివిట్లు నేనే కొట్టాను. చర్మానికి ఎక్కడా ఇనుము తగలకుండా పిడి అంచుల మీదుగా ఉప్పాడ వలల తాడు బిగించి చుట్టాను. చెప్పులు కుట్టే ఆయన రైసు మిల్లు పాత బెల్టు ముక్కతో ఒర కుట్టి ఇచ్చాడు. దారిలో కిరాణా కొట్టు త్రాసులో వేస్తే రెండు వందల ఇరవై గ్రాములు. నేను అనుకున్నది రెండు వందల యాభై లోపు. ఖర్చు నూట నలభై. త్రాసు ముందు నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ నవ్వు వల్లే ఆలస్యమైంది. సైకిలు మీద స్టేషనుకి చేరేసరికి బండి వచ్చి ఆగి ఉంది. అక్కడ ఆగేది రెండు నిమిషాలు. బావ పెట్టె లోపల పడేసి తలుపు దగ్గర నిలబడి నాకోసమే చూస్తున్నాడు. అక్క కింద నిలబడి చెంగుతో ముక్కు తుడుచుకుంటోంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి, ఒరతో సహా చాకు ముందుకి చాపాను. బావ చెయ్యి చాపాడు.

"చేతికివ్వకురా!" అక్క కేక ప్లాట్‌ఫారం అంతా వినిపించింది. "కత్తి చేతికిచ్చుకుంటారా ఎవరైనా? కింద పెట్టు!"

బావ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది. ఆ కొండల మీద కాపలా కాసే మనిషి, మా అక్క కేకకి. బండి కూత వేసింది. చక్రాలు కదిలాయి. కింద పెట్టమంటే ఎక్కడ పెట్టను? ప్లాట్‌ఫారం మీద పెడితే ఇక్కడే ఉండిపోతుంది. బండితో పాటు నాలుగడుగులు పరిగెత్తి, వంగి, తలుపు గుమ్మంలో బావ బూట్ల దగ్గర పెట్టాను.

చూసేవాళ్ళకి అది పాదాలకి దండం పెట్టినట్టే ఉంది. బావకీ అలాగే అనిపించింది కాబోలు, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి నా తల మీద ఆనించాడు.

"దీర్ఘాయుష్మాన్ భవ, ఇంజనీరూ!"

నేను జన్మలో ఎవరి కాళ్ళకీ దండం పెట్టినవాణ్ణి కాదు, పరీక్షల ముందు కూడా. ఆ రోజు మాత్రం పొరపాటున పెట్టానని ఎవరికీ చెప్పలేదు. బండి మలుపు తిరిగే దాకా బావ ఆ చాకుని ఒరలోంచి తీసి ఎండకి తిప్పుతూ కనిపించాడు. వీపు మీద నీలం ఒకసారి మెరిసింది.

మళ్ళీ అతను వచ్చింది వేసవిలో. మధ్యలో వచ్చిన ఉత్తరాల్లో చాకు గురించి ఒక్క ముక్క లేదు. నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందో అని భయం. ప్రతి ఉత్తరం అక్క చదివి ఇచ్చాక రెండుసార్లు చదివేవాణ్ణి. వచ్చిన రోజు, కాళ్ళు కడుక్కోకుండానే, ఒర తీసి నా ముందు అరుగు మీద పెట్టాడు. చేతికివ్వలేదు.

"చూసుకో."

వెర్నియర్ తెచ్చాను. వెడల్పు ఇరవై ఆరు. రెండు మిల్లీమీటర్లు అరిగింది. ముక్కు విరగలేదు. అంచు మీద ఒక చోట చిన్న నొక్కు, అది కూడా నూరి సరిచేసి ఉంది. రివిట్లు కదల్లేదు. వల తాడు పోయి, దాని స్థానంలో గుడారం తాడు చుట్టి ఉంది. నేను చుట్టిన దానికంటే బాగా చుట్టాడు.

"రెండు మిల్లీమీటర్లు ఏమయ్యాయి బావా?"

"ఉల్లిపాయలు తిన్నాయి" అన్నాడు. "పోస్టు మొత్తానికి ఇదొక్కటే పనిచేసిన చాకు. వంటకి ఇదే, తాళ్ళకి ఇదే. ఒకసారి మా హవల్దారు పట్టుకెళ్ళి మూడు రోజులు ఇవ్వలేదు. గ్లవుజు ఒక్కసారి విప్పలేదురా. పెదవి చూడు, మచ్చ ఒకటే."

లోపలి నుంచి మజ్జిగ గ్లాసుతో వస్తున్న అక్క గుమ్మంలో ఆగిపోయింది.

"పెదవికి చాకుకి ఏంటి సంబంధం? గడ్డం అన్నారుగా?"

బావ నా వైపు చూశాడు. నేను వెర్నియర్ సంచిలో పెట్టేసి, దాన్ని ఏలేరు కాలవకి దూరంగా వెనక గదిలో దాచాను. అరగంట పాటు వీధి దాకా అక్క గొంతు వినిపించింది. ఆ తర్వాత ఆవిడే వచ్చి చాకుని కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, దేవుడి గదిలో బల్ల మీద పెట్టింది. మంగళవారమో బుధవారమో, ఆ రోజు శనివారం మాత్రం కాదు.

సెలవు అయిపోయేలోపు ఇంకో మూడు కావాలన్నాడు బావ, పోస్టులో ముగ్గురికి. ఒకటి ఎడమ చేతివాటం మనిషికట, ఒర అటు తిప్పి కుట్టాలి. పాత చాకు తీసుకుని కమ్మరి దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, అంచు వెంట బొటనవేలు నడిపించి, వీపు మీద ఇంకా మిగిలిన మరకలాంటి నీలాన్ని గోటితో గీకి చూశాడు. పక్కనే కొడవళ్ళతో కూర్చున్నవాళ్ళకి ఎత్తి చూపించాడు.

"మంచులోకెళ్ళి వచ్చిందండి ఇది. మేమిద్దరం చేశాం."

ఇద్దరం అన్నాడు. తర్వాత నా మార్కుల జాబితాల్లో, ఉద్యోగపు కాగితాల్లో చాలా మంచి మాటలే వచ్చాయి. వాటిలో దేన్నీ నేను ఇలా కంఠతా పెట్టుకోలేదు.

మూడు బొమ్మలు ఆయన ముందు పరిచాను. చాకు ముక్కు ఒకటిన్నర మిల్లీమీటరు మందం పెంచాను, డబ్బా మూతలకి ఇంకొంచెం బలం కావాలని బావ అన్నాడు. కొత్త పని పట్టీ కూడా తీశాను. ఈసారి తారీఖుల పక్కన తిథులు కూడా రాసి ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూసి, బొగ్గు మసి వేలు ఒక గడి మీద ఆనించాడు.

"ఇదిగోండి, ఇంటికి తీసుకెళ్ళే రోజు ఇక్కడ శనివారం వచ్చింది. ఇనుము కదండీ, అమ్మగారు గుమ్మం దాటనివ్వరు. మార్చండి."

రబ్బరు తీసి చెరిపాను.