ఇంక జర నడువు అన్నా

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఆ రెండూ అక్కర్లేకుండా చెప్పగలిగిన మాట ఒకటి కొన్నేళ్లుగా నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగితే దిగదు, దగ్గితే రాదు. మా ఇంట్లో జరిగిన ఒక ఘోరానికి కారణం బాపు, అంటే మా నాన్న, అని అందరూ నమ్ముతారు. బాపు కూడా నమ్మాడు. ఆ నమ్మకం నాకు పనికొచ్చింది. అందుకే ఉండనిచ్చాను.

మా అన్నను చందు అనుకోండి. అప్పటికి ముప్పై దాటాడు. ఆటిజం. మాటలు చాలా తక్కువ. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టే తీసుకుంటాడు. "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా" అంటే వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంటాడు. అమ్మ పోయాక నాచారం ఇంట్లో ముగ్గురం మిగిలాం. రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన బాపు, అన్న, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నేను.

కూర్చుని కూర్చుని అన్నకు ఒళ్లొచ్చింది. ఇలాగే ఉంటే షుగర్ వస్తుందని డాక్టర్ అన్నాడు. ఉప్పల్‌లో అన్న పగలు వెళ్లే సెంటర్లో టీచరమ్మ ఒక యాప్ చూపించింది. అన్నలాంటి పెద్దవాళ్లను నడిపించడానికే చేశారట. నడిచేకొద్దీ ఫోన్ తెర మీద ఒక గుండ్రటి గీత పచ్చబడుతూ వస్తుంది. తెలిసిన గొంతయితే బాగా వింటారని, ఇంట్లోవాళ్ల మాటలే అందులో రికార్డు చేయమంది. నేను చేశాను. మధ్యమధ్యలో "ఇంక జర నడువు అన్నా." గీత నిండాక "అయిపోయింది అన్నా, ఇంటికి రా." ఎంత నడవాలో నా ఫోన్‌లోంచే మార్చవచ్చు.

మొదట్లో మంచే జరిగింది. ఆ సంగతి దాచను. అన్న కాలనీ పార్కు చుట్టూ తిరిగి చెమటతో వచ్చేవాడు, హాయిగా నిద్రపోయేవాడు. బాపు మురిసిపోయాడు.

"గీ ఫోను మస్తు నడిపిస్తున్నది బిడ్డా వాణ్ణి. నేను మొత్తుకుంటే ఇన్నడా ఎన్నడన్న?"

నేను మీటింగులో ఉంటే అన్న పక్కగదిలో ఊగుతూ గట్టిగా ఒక రాగం తీసేవాడు. నా గొంతు మారితే, నేను భయపడుతూ మాట్లాడితే, ఆ రాగం పెరిగేది. అవతలివాళ్లు ఏమిటా చప్పుడని అడిగేవాళ్లు. పక్కింట్లో పని జరుగుతోందని చెప్పేదాన్ని. అన్నను పక్కింటి పని చప్పుడుగా మార్చిన రోజు నాకు సిగ్గేయలేదు. ఇప్పుడేస్తోంది.

ఒకరోజు అన్న నడకలో ఉండగా నా మీటింగు సాగింది. నేను నడక పెంచాను. వేలితో ఒక్కసారి తాకడమే. అన్న ఇంకాసేపు తిరిగొచ్చాడు. ఏం కాలేదు. ఏం కాకపోవడమే నన్ను పాడుచేసింది. తర్వాత మీటింగు ఉన్నప్పుడల్లా అన్నకు నడక పెట్టాను. బాపు మధ్యాహ్నం కునుకు తీసే వేళ, చప్పుడు కాకుండా నేనే గేటు గొళ్లెం తీసి. ఆరోగ్యం కోసమే కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? అన్న చెప్పులేసుకుని గేటు దాటగానే నా భుజాలు తేలికయ్యేవి. అది అన్న ఆరోగ్యం తలుచుకుని కాదు.

మే నెల. సెంటర్‌కు సెలవులు. రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. ఆ మధ్యాహ్నం నా పనిమీద పెద్దవాళ్లు తీర్పు చెప్పే మీటింగు ఉంది. బాపు అన్నం తిని పడుకున్నాడు. నేను నడక పెట్టాను. అన్న ఫోన్ మెడలో వేసుకుని, గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఎండ వైపు చూసి, నా వైపు చూశాడు. నేను చెయ్యి ఊపాను. వెళ్లాడు.

మీటింగు ముగియలేదు. నడక పెంచాను. మళ్లీ పెంచాను. అన్న ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవస్తోందని నా తెర మీద ఎర్రగా ఒక గుర్తు వచ్చింది. దాన్ని వేలితో పక్కకు తోసేశాను. ఆ గుర్తు చూడలేదని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. చూశాను.

అంతా బాగుందని అవతల చప్పట్లు కొట్టారు. నేను హెడ్‌ఫోన్లు తీశాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నేను కోరుకున్న నిశ్శబ్దమే. గబగబా యాప్‌లో మ్యాపు తెరిచాను. మ్యాపులో అన్న చుక్క ఉప్పల్ రోడ్డు మీద ఆగిపోయి ఉంది. ఆగింది చుక్క. అన్న కాదు.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. పార్కుకు తాళం వేసి ఉంది. అన్న తిన్నగా మెయిన్ రోడ్డెక్కి మెట్రో పిల్లర్ల వెంట నడిచాడు. పిల్లర్ల మీది నంబర్లంటే తనకు ఇష్టం. ఉప్పల్ దాటాక, పైన రోడ్డు పడని ఫ్లైఓవర్ పిల్లర్లు మొదలవుతాయి. వాటి వెంట కూడా నడిచాడు. నడవమని చెప్పిన గొంతు ఇంటికి రమ్మని చెప్పలేదు. ఫోన్ చచ్చిపోయింది. చెప్పేదాకా నడవాలి కదా.

మేడిపల్లి దాటాక, పొద్దుగూకే వేళ, ఒక పంక్చర్ షాపతను ఆపాడు. చెప్పులు తెగిపోయాయి. అరికాళ్ల చర్మం ఊడి తారు అంటుకుని ఉంది. గట్టిగా పట్టుకుంటే ఆ చేతుల్లోనే కాళ్లాడిస్తూ పడిపోయాడట. అన్న మెడలోని ఫోన్ వెనక అంటించిన చీటీ మీద బాపు నంబరుంది.

దవాఖానాలో, అన్న గాజు తలుపు అవతల ఉండగా, బాపు గోడకు జారగిలబడి కింద కూర్చున్నాడు.

"గేటు గొళ్లెం నేనే మర్సిన బిడ్డా. కూరగాయలు తెచ్చి, గట్లనే ఒదిలేసి పండుకున్న. నా కొడుకును నేనే సంపుకుంటుంటి."

నేను చేతిలోని ఫోన్‌ను బోర్లించాను.

"గా ఫోను ఏమన్న పొమ్మన్నదా వాణ్ణి?"

"లేదు బాపూ. ఛార్జింగ్ లేక బందైంది."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను జీవితంలో ఆడలేదు.

అన్న బతికాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఎడమకాలు ఈడుస్తాడు. బాపు గేటుకు తాళం వేశాడు, సెంటర్ మాన్పించాడు, మధ్యాహ్నం నిద్ర మానేశాడు. ఎండలోనైనా గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నేను నిజం చెబితే ఆ తాళం అక్కర్లేదని తెలుసు. రోజూ ఆ తాళం చూస్తూ చెప్పకుండా ఉన్నాను.

మొన్న వేసవిలో అన్నం వడ్డిస్తూ, ఆలోచించకుండా అన్నాను: "ఇంక జర ఎయ్యాల్నా అన్నా?"

అన్న ముద్ద చేతిలో పట్టుకునే లేచాడు. కాలు ఈడ్చుకుంటూ హాలులో ఆ గోడ నుంచి ఈ గోడకు నడవడం మొదలుపెట్టాడు. ముఖంలో కోపం లేదు, నొప్పి ఉంది. పిలిస్తే ఆగలేదు. మెతుకులు రాలుతున్నాయి. బాపు అన్నను చూసి, నన్ను చూశాడు.

"అయిపోయింది అన్నా, ఇంటికి రా," అన్నాను.

ఆగాడు. వచ్చి కూర్చున్నాడు.

ఇక దాచడానికేం మిగల్లేదు. బాపుకు అంతా చెప్పాను. ఎర్రగుర్తుతో సహా. బాపు కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. అన్నను తీసుకెళ్లి పడుకోబెట్టాడు. అప్పటినుంచి నాతో పనికిమించి మాట్లాడడు.

పోయిన ఆదివారం మేనత్త వచ్చింది. అన్న కాలు చూసి, ఎప్పటిలాగే, ఎట్లయిందని కదిపింది. బాపు ఎప్పటిలాగే చెప్పాడు: "నేనే అక్కా. గేటు ఏస్కోక పండుకున్న."

"కాదు అత్తా..." అని నేను నోరు తెరిచాను.

బాపు నా వైపు తిరగలేదు. "నువ్వు పొయ్యి చాయ్ పెట్టు," అన్నాడు.

నన్ను కాపాడుతున్నాడా? లేక నా తప్పును నాకు దక్కనివ్వకుండా శిక్షిస్తున్నాడా? నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. వెళ్లి చాయ్ పెట్టాను. మరిగే పాలు చూస్తూ నిలబడితే, ఈ అబద్ధం ఇప్పుడు మా ఇద్దరిదీ అయిందని, బాపును కూడా ఇందులోకి లాగానని అర్థమైంది.

అందుకే మీకు రాస్తున్నాను. మీరు నన్ను క్షమించక్కర్లేదు, ఆ హక్కు మీది కాదు. గేటు తెరిచి ఉంచింది బాపు కాదు. ఆ ఎండలోకి మా అన్నను పంపింది నేను. ఆపగలిగి ఆపనిది నేను. రాసేశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.