ఉప్పు చాలని జగన్నాధం

సాలూరు హోటల్లో జగన్నాధం తన ఉప్మాలో చల్లుకోబోయిన ఉప్పు పక్కనున్న పెద్దమనిషి కాఫీలో పడింది. ఆయన చూడలేదు. ఒక గుక్క తాగి, గ్లాసులోకి ఓసారి చూసి, యజమానిని పిలిచి, ఈమధ్య మీ కాఫీ బాగుపడిందయ్యా అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

"సూసేవా బావా," అన్నాడు జగన్నాధం, ఎదురుగా కూచున్న నరసింగరావుతో. "ఇన్నాళ్ళూ ఆయనకీ ఉప్పు చాల్లేదు."

లోకంలో ఎవరు ఏది వండినా జగన్నాధానికి ఉప్పు చాలదు. నౌపడా ఉప్పుమడుల్లో గుమాస్తా. చొక్కా జేబులో కలం లేకపోయినా ఉప్పు పొట్లం ఉంటుంది. తన పెళ్ళిలోనే పప్పు నోట్లో పెట్టుకుని, బాసికంతో సహా లేచి గాడిపొయ్యి వైపు నడిచాడు. పెళ్ళికొడుకు అలిగాడనుకుని ఆడపెళ్ళివారు గాభరాపడి, వెంటపడి చేతిగడియారం తొడిగారు. శ్రీముఖలింగం గుళ్ళో చక్కెరపొంగలి కళ్ళకద్దుకుని తిని, పూజారి చెవిలో ఏదో చెప్పాడు. ఆ మాటేమిటో పూజారి ఇప్పటికీ ఎవరికీ చెప్పడు.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఆ దసరా సెలవుల్లో నరసింగరావు సైకిలు మీద కొండలెక్కడానికి బయల్దేరాడు. పందొమ్మిదివందల అరవై ఏడు పోయి అరవై ఎనిమిది నడుస్తోంది. నరసింగరావు చీపురుపల్లి హైస్కూల్లో సోషలు మేష్టారు, జగన్నాధం భార్యకి అన్న. ఆయనకి ఇరవయ్యేళ్ళ వయసున్న మీసం ఒకటుంది. స్టాఫ్ రూములో లెక్కల మేష్టారు గణపతిరావు, నీ సైకిలు బొబ్బిలి దాటదోయ్ అన్నాడు. నరసింగరావు ఆ మీసమే మెలేసి, సుంకి ఘాటురోడ్డు ఎక్కి పొట్టంగి చేరతానన్నాడు. అటునుంచి అటే అరకు మీదుగా కిందికి దిగుతానన్నాడు. శనివారం తేదీతో పొట్టంగి తపాలా ముద్ర పడిన కార్డు రాకపోతే ఈ మీసం ఉండదని కూడా అన్నాడు. ఈ చివరి మాట అనకుండా ఉండవలసింది.

జగన్నాధం ఏటా దసరాకి ఆ దారిన సైకిలేసుకుని పోతాడు గనక తోడు రమ్మన్నాడు. ఎందుకు పోతావని మాత్రం ఎన్నడూ అడగలేదు. తిండికోసమే అనుకున్నాడు.

శనివారం తెల్లారగానే ఘాటు మొదలైంది. ఎక్కడం అంటే పేరుకే. సైకిళ్ళు రెండూ ముందు, మనుషులిద్దరూ వెనక, నెట్టుకుంటూ పోవడం. జగన్నాధం క్యారియరు మీద గోనెసంచి ఒకటి ఉంది. పక్కబట్టలనుకున్నాడు నరసింగరావు. పక్కబట్టలు ఇంత బరువేమిటని అనుకోలేదు.

మొదటి మలుపు దాటగానే, జగన్నాధం ఏటా ఆగే మరిడమ్మ ఇల్లు. చోడంబలి, అదే రాగి అంబలి, పోసింది. నరసింగరావు రెండు చెంబులు తాగి బ్రహ్మాండంగా ఉందన్నాడు. జగన్నాధం ఒక గుక్క తాగి పెదవి విరిచాడు.

"ఉప్పు చాల్లేదు."

సంచిలోంచి పెద్ద పొట్లం తీసి, చిటికెడు వేసుకుని, పొట్లం అరుగుమీదే వదిలేసి సైకిలు తీశాడు. రెండు ఫర్లాంగులు పోయాక నరసింగరావుకి గుర్తొచ్చింది. వెనక్కి దిగి, పొట్లం తెచ్చి బావ చేతిలో పెట్టాడు. జగన్నాధం మొహం వేలాడిపోయింది. వచ్చే ఏడు తెచ్చుకుందుం కదా బావా అన్నాడు. మతిమరుపుకి సిగ్గుపడుతున్నాడని నరసింగరావు జాలిపడ్డాడు.

ఇంకాస్త పైన తాతమ్మ ఇంట్లో సామన్నం, వెదురుకొమ్ముల కూర. అక్కడా అదే మాట, అదే పొట్లం, అదే మరుపు. నరసింగరావు మళ్ళీ దిగాడు, మళ్ళీ తెచ్చాడు. మేష్టారు కదా, ఎవరు ఏది పారేసుకున్నా తెచ్చి ఇవ్వడం అలవాటు.

కొండ నెత్తిమీదికి వచ్చేసరికి ఒంటిగంట. అక్కడ గురమ్మ ఉడికించిన బొబ్బర్లు పెట్టింది. జగన్నాధం తిని, వంక పెట్టి, మరిచిపోయి బయటికి నడిచాడు. ఈసారి నరసింగరావు తెలివిగా అప్పుడే పొట్లం మీద చెయ్యి వేశాడు. దానిమీద అప్పటికే గురమ్మ చెయ్యి ఉంది.

"ఇవ్వను బాబూ."

"మా బావ మర్చిపోయాడమ్మా."

"ఏటా మర్సిపోతాడు. వచ్చినప్పుడిచ్చీవచ్చని ఏటా మేం దాస్తాం. ఏటా అది అయిపోతాది."

గురమ్మ నవ్వి, ఏమీ తెలియని ఈ చదువుకున్నాయనకి నెమ్మదిగా పాఠం చెప్పింది. సంతలో కుంచెడు చోళ్ళు కొలిస్తే ఇంత దోసెడు ఉప్పు పోస్తారట. అలాగని ఊరికే ఇస్తే ఈ కొండమీద ఎవరూ పుచ్చుకోరట. వంటలో లోటు చెప్పిన చుట్టం ఆ లోటు పూడ్చి పోతే మాత్రం అది దానం కాదట, మర్యాదట.

"అయితే నిజంగానే ఉప్పు చాల్లేదా?"

"సాలకపోడవేటి బాబూ, అసలెయ్యందే."

నరసింగరావు బయటికొచ్చాడు. జగన్నాధం అటు తిరిగి, గాలి నిండుగా ఉన్న టైరుకి గాలి కొడుతున్నాడు. అటు దిగితే పొట్టంగి. ఇటు దిగితే తను నిజాయితీగా దోచుకొచ్చిన రెండిళ్ళు. జేబులో కార్డు సిద్ధంగా ఉంది: 'గణపతిరావుకి, నీ లెక్క తప్పింది.' నరసింగరావు మీసం ఒకసారి తడుముకున్నాడు.

"ఆ రెండు పొట్లాలూ ఇలా తే."

"మూడింటికి తపాలా కట్టీస్తారు బావా."

"తెలుసు."

దిగడం సులువే. ఇవ్వడమే కష్టమైంది. తాతమ్మ మిగిలిన కూర పెట్టింది. మరిడమ్మ అంబలి మళ్ళీ పోసింది. పుట్టి బుద్ధెరిగి వంటకి వంక పెట్టని మనిషి, పొద్దున్న బ్రహ్మాండమన్న అంబలినే తాగి, గొంతు సవరించుకుని, గోడకేసి చూస్తూ ఉప్పు చాల్లేదన్నాడు. పొట్లం వదిలేసి, దొంగలా గుమ్మం దాటాడు. మీ సుట్టరికంలో అందరికీ ఇదే రోగమా అని వెనకనుంచి మరిడమ్మ నవ్వడం వినబడింది.

పొట్టంగి చేరేసరికి దీపాలు పెట్టేశారు. తపాలా కచేరీకి తాళం. సెలవులయ్యి బడి తెరిచిన రోజే గణపతిరావు మంగలిని స్టాఫ్ రూముకే పిలిపించాడు.

ఆపై ఆదివారం జగన్నాధం చీపురుపల్లి వచ్చాడు. నరసింగరావు భార్య నారాయణమ్మ వడ్డించింది. నున్నటి మూతితో అన్నం కలుపుతూ నరసింగరావు, ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదా, నీ మూలాన ఇరవయ్యేళ్ళ మీసం పోయిందని నిష్ఠూరమాడాడు.

జగన్నాధం చారు రుచి చూసి, జేబు తడుముకుంటూ అన్నాడు: "మీసం మళ్ళీ మొలుస్తాది బావా, కొండమీద ఉప్పు మొలవదు."