ఎడమ అంచుకు సర్దిన పైథాన్

కరోనా తగ్గి కాలేజీలు తెరిచిన ఏడాది జూలైలో నన్ను నరసన్నపేట దగ్గరి ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి గణితం లెక్చరర్‌గా బదిలీ చేశారు. నేను చేరిన వారంలోనే కంప్యూటర్స్ లెక్చరర్ వేరే ఊరు వెళ్లిపోయారు. ఆ ఖాళీలో ఎవరినీ వేయలేదు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మీకు లెక్కలొచ్చు కదమ్మా, పైథాన్ కూడా లెక్కల్లాంటిదే" అన్నారు. ఆ లెక్కన మా జువాలజీ మేడమ్ పశువుల ఆసుపత్రి నడపాలి. సరేనన్నాను.

శిక్షణకు విజయనగరం పంపారు. మొదటిరోజు జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు. మర్నాడు పైథాన్ ఎంత సులువో తెరమీద బొమ్మలతో వివరించారు. కంప్యూటర్లు పక్కగదిలోనే ఉన్నాయి గానీ తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నారు. చివర్లో అందరికీ సర్టిఫికెట్లిచ్చి గ్రూపు ఫొటో తీశారు.

నేను నిజంగా నేర్చుకున్నది ఇంట్లో, మేనకోడలి పాత లాప్‌టాప్ మీద. విలువకు పెట్టుకున్న పేరు వేరియబుల్. ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించేది లూపు. లూపులో జరగాల్సిన వరసలను కుడివైపు కాస్త జరిపి రాయాలని పైథాన్‌కు పట్టింపు. దాన్ని ఇండెంటేషన్ అంటారు. జరపకపోతే తప్పు ఏ వరసలో ఉందో చెప్పి ఆగిపోతుంది.

మా ల్యాబ్ మాన్యువల్‌కు ఆ పట్టింపు లేదు. అచ్చు వేసినచోట ఎవరో శుభ్రత గల మనిషి, చూడ్డానికి బాగుంటుందని వరసలన్నిటినీ ఎడమ అంచుకు సర్దేశారు. లూపున్న ప్రోగ్రాం ఒక్కటీ నడవదు. ప్రిన్సిపాల్ గారికి చూపిస్తే, సర్క్యులర్ లేనిదే దిద్దకూడదన్నారు. సర్క్యులర్ కోసం మనం పైకి రాయాలి కదా అంటే, అలా రాయమని సర్క్యులర్ లేదన్నారు.

బోర్డుమీద సరిగానే రాసి చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విని, మాన్యువల్‌ను బట్టీ పట్టారు. కళావతి అనే అమ్మాయి మాత్రం నేను చెప్పినట్టు రాసేది.

ప్రాక్టికల్ పరీక్షకు ఎక్స్‌టర్నల్, అంటే మార్కులు వేయడానికి వేరే కాలేజీ నుంచి పంపే లెక్చరర్, వచ్చారు. మాన్యువల్ పక్కన పెట్టుకుని పోల్చి చూసి, అందరికంటే ముందు ముగించిన కళావతి ప్రోగ్రాంకు సున్నా వేశారు. ప్రాక్టికల్ పోతే ఆ ఏడు డిగ్రీ రాదు, పీజీ సీటూ ఉండదు.

"అదేటి మేడమ్! నాను రాసింది నడిసింది కదా. నడిసినదానికి సున్నా ఏటి?" అంది కళావతి. కన్నీళ్లు లేవు, కోపమే.

ఆయన్ను అడిగాను. "మాన్యువల్లో లేని ఖాళీలు ఎందుకు వదిలిందండీ?" అన్నారు. ఆయన సబ్జెక్టు కామర్స్ అని తరవాత తెలిసింది.

ఇక వాదించలేదు. మాన్యువల్లో ఉన్నది ఉన్నట్టు ఆయన ఎదుటే టైపు చేయించాను. ఎర్రర్ వచ్చింది. సిస్టమ్ పాతదన్నారు. ఇంకో సిస్టమ్ మీద చేయించాను. అదీ అదే మాటంది. ఆయన గొంతు తగ్గించి, "మాన్యువలే తప్పంటే మిగతా అందరూ ఫెయిలే కదా మేడమ్" అన్నారు. ఆయన ఆ రోజు అన్నవాటిలో నిజం అదొక్కటే.

పరీక్ష సమయం ఇంకా ఉంది. మిగతావాళ్లు తాము కాగితం మీద రాసింది సిస్టమ్ మీద నడిపి, వచ్చిన ఎర్రర్ చూసి దిద్దుకోవచ్చని ఇద్దరం ఒప్పుకున్నాం. చాలామంది దిద్దుకున్నారు. క్లాసులో నా మాటలు వాళ్ల చెవిన పడ్డాయని అప్పుడు తెలిసింది. కళావతికి పూర్తి మార్కులు వచ్చాయి, పీజీలో చేరింది. పరీక్షలు సజావుగా జరిగాయని ఎక్స్‌టర్నల్ గారు నివేదిక రాశారు. మరుసటి ఏడు మాన్యువల్‌కు అట్ట రంగు మార్చారు.

ప్రోగ్రాం మీద తగువొస్తే హోదాలు చూడకుండా ముందు దాన్ని నడిపించాలని నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచ్‌కూ ఆ మాన్యువల్‌ను తప్పులు వెతకమనే ఇచ్చాను. ఆ పనికి అంత మంచి పుస్తకం నాకు మరొకటి దొరకలేదు.