నిలబడి చదివిన పిన్ని

మా పిన్ని ఇస్త్రీ చేసిన దుప్పటి మీద ఒకసారి ఈగ వాలింది. వాలీవాలగానే జర్రున జారి కిందపడి కాలు విరగ్గొట్టుకుంది. నేను కళ్ళారా చూశాను. నమ్మనివాళ్ళు ఆ ఈగనే అడగొచ్చు, ఇప్పటికీ కుంటుతూనే తిరుగుతోంది.

మా అమ్మకు చెల్లెలైన ఈ పిన్ని, పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పెళ్ళికి ముందు నుంచీ పనిచేస్తోంది. అక్కడే తడిబట్టల బండి తోసేది నేను. కాలేజీలో నేనుంటే మిగతావాళ్ళకు మార్కులు మిగలవని జాలిపడి బయటికొచ్చేశాను. నా ఘనత అటుంచండి.

మా లాండ్రీలో కుర్చీ లేదు. కావాలనే పెట్టలేదు. పని మధ్యలో ఎవరైనా కూలబడితే ఒంట్లో ఓపిక అయిపోయినట్టే లెక్క. సూపర్‌వైజరు చూపు అటు పడిందంటే "ఇంటికెళ్ళు" అంటాడు, ఆ పూట కూలి పోతుంది. అందుకని నిలబడటం మా అందరికీ ఒంటికి పట్టేసింది. పిన్ని అన్నం కూడా నిలబడే తింటుంది. పెళ్ళి ఫోటోలో సైతం ఆమె నిలబడే ఉంది, కుర్చీలో సిగ్గుపడుతూ కూర్చున్నది బాబాయి.

అలాంటి మనిషి యూనివర్సిటీలో చేరింది. ఇంటిల్లిపాదిలో ఎవరూ డిగ్రీ చదవని వాళ్ళకు, వయసు దాటినా సరే, చోటిస్తామని వాళ్ళు ప్రకటించారు. ముందు ఒక ఏడాది చదివి పరీక్ష గట్టెక్కాలి, ఆ తర్వాతే డిగ్రీ. పిన్ని చరిత్ర ఎంచుకుంది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి లాండ్రీ.

"ఎవరెప్పుడు చచ్చారో చదివి ఏం చేస్తావే?" అంది అమ్మ.

"ఇన్నేళ్ళు చచ్చినవాళ్ళ దుప్పట్లు ఉతికానక్కా. బతికుండగా వాళ్ళేం చేశారో తెలుసుకోవద్దూ?"

అమ్మ లేచి వెళ్ళి, తన దుప్పటి ఎక్కడిదో ఒకసారి తిప్పి చూసుకుంది.

ఆ క్లాసులో ప్రతివాళ్ళకూ బెంచీ మీద ఒక నంబరుంటుంది. పేర్లు పిలవరు. హాజరు చూసే అసిస్టెంటు గుమ్మంలో నిలబడి, ఖాళీగా ఉన్న నంబర్లు చూసుకుని వెళ్ళిపోతాడు. మొదటిరోజు పిన్ని తన నంబరు దగ్గర కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ మోకాళ్ళు ఒకటే ఊగుతున్నాయి. పాఠం చెబుతూ లెక్చరరు ఇటు తిరిగాడు. అంతే, చటుక్కున లేచి నిలబడింది. సూపర్‌వైజరు చూసినట్టే అనిపించిందట. మర్నాటి నుంచి బెంచీ జోలికి పోలేదు. వెనక తలుపు పక్కన నిలబడి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ పాఠం వినసాగింది.

"ఏమ్మా, ఆ కిటికీ కాస్త వెయ్యి" అన్నాడు లెక్చరరు. వేసింది.

"ఏమ్మా, ఈ బోర్డు తుడిచెయ్యి" అన్నాడు ఇంకోరోజు. తుడిచింది.

"క్లాసులో ఇంకెవరికీ చెప్పడు తెలుసా, నాకే చెబుతాడు" అని ఇంటికొచ్చి మురిసిపోయింది. లెక్చరరుకు మా పిన్ని మీద ఎంత గురో అని మేమూ వీధంతా చాటాం. నేనైతే ఇంకో నెలలో పాఠం కూడా ఆమే చెబుతుందని ఇద్దరు ముగ్గురితో అన్నాను.

ఇలా చేరినవాళ్ళ బాగోగులు చూడటానికి యూనివర్సిటీలో మెట్ల కింద హెల్ప్‌రూమ్ అని ఒకటుంది. దాన్ని నడిపే మేడమ్ ఒక లారీ డ్రైవరు కూతురు. ఓరోజు ఆవిడ లాండ్రీకి ఫోన్ చేసింది.

"రెండోరోజు నుంచీ మీరు క్లాసుకే రాలేదటగా? సోమవారం కూడా కనబడకపోతే పేరు తీసేస్తామంటున్నారు."

"అదేంటమ్మా! రోజూ వస్తున్నాను. నిన్న బోర్డు తుడిచింది కూడా నేనే!"

"బోర్డు తుడిచారా? ఎవరు తుడవమన్నారు?" అంది మేడమ్.

సోమవారం మేడమ్ స్వయంగా క్లాసుకు వచ్చింది. తలుపు పక్కన పిన్నిని చూసి, లెక్చరరుతో "మీవాళ్ళు రావట్లేదన్న ఆవిడ ఈవిడే" అంది.

"ఈమె ఈ గదులు ఊడ్చే ఆవిడ కాదా?" అన్నాడాయన. అన్నాక నాలిక కరుచుకున్నాడు. క్లాసంతా వెనక్కి తిరిగింది. ఆయన ముఖం ఎర్రబడింది. "క్షమించండమ్మా. రండి, మీ చోట్లో కూర్చోండి."

పిన్ని వెళ్ళి కూర్చుంది. అందరి చూపులూ తన మీదే. మోకాళ్ళ ఊపుకు బెంచీ టకటకలాడింది, పక్కనున్న అమ్మాయి పెన్ను దొర్లి కిందపడింది. పిన్ని లేచి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచింది. తిన్నగా లాండ్రీకొచ్చి ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది.

"నావల్ల కాదురా. మానేస్తాను."

"మానెయ్యకు పిన్నీ. మన ఇంట్లో చదువు మానేసిన ఘనత నా ఒక్కడిదే. దానికి కూడా పోటీకొస్తావా?"

తడి తువ్వాలు వచ్చి నా ముఖానికి అంటుకుంది. కానీ ఆమె నవ్వలేదు. మడిచిన దుప్పటినే చేతులు విప్పి మళ్ళీ మడుస్తున్నాయి.

మధ్యాహ్నం హెల్ప్‌రూమ్ మేడమ్ వెతుక్కుంటూ వచ్చింది. ఆవిరికి చెమటలు తుడుచుకుంటూ, "కాస్త కూర్చుని మాట్లాడుకుందామా?" అంది. మేమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆవిడ చుట్టూ చూసింది. కుర్చీ లేదు, స్టూలు లేదు, బోర్లించిన బకెట్టు కూడా లేదు. ఇంతమందీ నడుమెత్తు బల్లల ముందు నిలబడి ఉన్నారు. ఆవిడ పిన్ని బల్ల మీద మోచేతులు ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.

"ఇలాంటి బల్ల ఇంకోటుందా?" అని అడిగింది చివరికి.

బాయిలరు వెనక కాలు ఊగేదొకటి పడుంది. "పట్టుకుపొండి, అడ్డం తొలగుతుంది" అన్నాడు సూపర్‌వైజరు. నేనే దాన్ని బండి మీద వేసుకుని యూనివర్సిటీకి తోశాను. దారిలో బస్సులన్నీ ఆగి దారిచ్చాయి. ఒక బస్సయితే వంగి దండం పెట్టింది.

మర్నాడు క్లాసులో వెనకగా ఆ బల్ల, దాని ముందు పిన్ని. అసిస్టెంటు వచ్చాడు. బెంచీ ఖాళీగా ఉందన్నాడు. మనిషి ఇక్కడుందిగా అని లెక్చరరు అంటే, బల్లకు నంబరు లేదన్నాడు. లెక్చరరు సుద్దముక్క పట్టుకుని వెనక్కి నడిచివచ్చాడు. వంగి, బల్ల అంచు మీద పిన్ని నంబరు తనే రాశాడు.

"ఇప్పుడు ఉన్నట్టేనా?" అన్నాడు.

అసిస్టెంటు తలూపాడు. పిన్ని పేరు నిలిచింది.

కొన్నాళ్ళకు, హోటల్లో తెల్లారేదాకా గిన్నెలు కడిగొచ్చే అమ్మాయి ఆ బల్ల దగ్గరికి జరిగింది. "కూర్చుంటే నిద్రపోతున్నానత్తా, కాస్త చోటిస్తారా?" పిన్ని జరిగింది. సుద్ద నంబరు పక్కన ఇంకో నంబరు పడింది.

అసలు చిక్కు పరీక్ష దగ్గర వచ్చింది. పరీక్ష హాల్లో కూర్చునే రాయాలట. బల్ల కోసం మేడమ్ పైవాళ్ళను అడిగింది, తిరిగి అడిగింది, వాళ్ళు ఔననలేదు, కాదనలేదు. ఇక రేపే పరీక్ష.

అందుకని వంటింట్లో స్టూలు వేసి పిన్నిని కూర్చోబెట్టాం. సూపర్‌వైజరు వేషం నాది. మీసం లేకపోయినా దువ్వుకుంటూ అటూ ఇటూ తిరిగి ఉరిమి చూస్తాను. చూసినప్పుడల్లా పిన్ని స్ప్రింగులా లేస్తుంది. మా అమ్మ భుజాలు పట్టి కుదేస్తుంది.

"లేచావంటే చూడు!"

"నేనెక్కడ లేచానక్కా, కాళ్ళు లేచాయి."

మళ్ళీ నడిచాను. మళ్ళీ ఆగి, ఆమె నెత్తి మీదికి వంగి చూశాను. స్టూలు కిర్రుమంది. మోకాళ్ళు ఊగుతూనే ఉన్నాయి. రెండు చేతులతో స్టూలు అంచులు బిగించి పట్టుకుంది, చూపు మాత్రం ఒళ్ళోని పుస్తకం మీంచి కదలలేదు.

"చూడరా చూడు" అంది తలెత్తకుండా, "ఎంతసేపు చూస్తావో నేనూ చూస్తాను. ముందు ఆ పేజీ తిప్పు, నా చేతులు ఖాళీ లేవు."

తిప్పాను.