బిస్కెట్ డబ్బాలో కత్తెరలు

ఇవాళ మన ఊరి విమానాశ్రయంలో తనిఖీ దగ్గర నా సంచిలోంచి చిన్న కత్తెర తీసి బుట్టలో పడేశారు. బుట్టనిండా కత్తెరలు, లైటర్లు! గార్డెన్ రీచ్ పేటలో నాతో పెరిగిన నేస్తాల్లారా, మా ఇంట్లో తుప్పువాసన కొట్టే బిస్కెట్ డబ్బా గుర్తుందా? అందులో ఉండేవి అచ్చం ఇలాంటివే.

నాన్న అప్పట్లో ఇక్కడే ఊడ్చేవాడు. "పారేసినవే తెచ్చినాను" అనేవాడు.

"ఇంత మంచి కత్తెర ఎవులు పారేస్తారు? దొంగసొమ్ము!" అని అమ్మ ముట్టుకునేది కాదు. నేనూ నమ్మలేదు. మీరడిగితే మామయ్య పంపాడని అబద్ధమాడాను.

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "బుట్ట నా కళ్ళతో సూసినానమ్మా, నాన్న దొంగ కాదు."

"బుట్ట సూసినావు సరే. తీసుకెళ్ళమని మీ నాన్నకి ఎవులైనా సెప్పడం సూసినావేటి?"

అప్పుడే అక్కడ ఊడుస్తున్న ఆయన నా కత్తెర వంక చూశాడు. నేను చూడనట్టు అటు తిరిగాను.