సీలింగుకి ప్లగ్గు పెట్టిన సాయంత్రం

వెలుగుని చేసినవాడు, చీకట్లోనూ మన గొంతు పోల్చుకునేవాడు అయిన దేవునికి ముందుగా స్తోత్రం! ఆయన ఎప్పుడెప్పుడు నవ్వుతాడో నాకు తెలీదు గాని, ఆ సాయంత్రం మా ఇంట్లో మాత్రం తప్పకుండా నవ్వి ఉంటాడని నా విశ్వాసం.

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, విశాఖలో మా పోర్టు క్వార్టర్స్ ముందుగదికి ఉన్న కరెంటు వైభవమంతా సీలింగు మధ్య ఒక లైటు డబ్బా, దానికి వేలాడే బల్బు, గుమ్మం పక్కన దాని స్విచ్చి. ప్లగ్గు వంటింట్లోనే (దాన్ని అమ్మ మిక్సీ ఎవరికీ వదిలేది కాదు). నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతూ, అంతకన్నా శ్రద్ధగా కీబోర్డు నేర్చుకుంటున్నాను. క్రిస్మస్ ఆరాధనలో సంఘం ముందు వాయించాలని ప్రాణం కొట్టుకుపోతోంది. పాస్టరు అయ్యగారు, "శుక్రవారం మీ ఇంట్లో గృహకూటం కదా బాబూ, అక్కడ వాయించు, విని చెప్తాను" అన్నారు. ఎగిరి గంతేశాను! ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, కీబోర్డుకి కరెంటేదీ? వంటింట్లోంచి వైరు లాగితే విశ్వాసులు తట్టుకుని పడతారని అమ్మ ససేమిరా అంది. అప్పుడు పైకి చూశాను. (పైకి చూడడం మాకు అలవాటే.)

శుక్రవారం మధ్యాహ్నం మెయిన్ ఆపి స్టూలెక్కాను. పక్క క్వార్టర్ స్నేహితుడు స్టూలు పట్టుకున్నాడు. ఒకర్నొకరం బావ అనే పిలుచుకునేవాళ్లం.

"ఏటి బావా సేత్తన్నావు? ప్లగ్గు సీలింగుకా? రేపు ఇస్త్రీపెట్టి కూడా పైనుంచే ఏలాడదీత్తావా?"

"మాటలాపి స్టూలు పట్టుకో బావా."

"స్టూలు నాను పట్టుకుంతాను. నిన్ను దేవుడే పట్టుకోవాల."

లైటు డబ్బా విప్పి, అక్కడున్న వైర్లకి సాకెట్ బిగించాను. దాన్నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు కిందికి దింపి, కీబోర్డూ, బల్బుకి బదులు ఒక టేబుల్ లైటూ తగిలించాను. మెయిన్ వేయగానే కీబోర్డు మీద ఎర్రచుక్క వెలిగింది. బావ అరిచిన "హల్లెలూయా!" క్వార్టర్స్ వరస మొత్తానికి వినిపించింది.

సాయంత్రం గది నిండిపోయింది. మొదటి రెండు పాటలూ అద్భుతంగా సాగాయి. అయ్యగారి తల ఊగుతుంటే నా కాళ్లు నేల మీద లేవు! చివరిది ప్రార్థన పాట. అందరూ మోకాళ్లూని కళ్లు మూసుకున్నారు.

ఇక్కడ మా మామ్మ గురించి చెప్పాలి. ఎలమంచిలి మనిషి. ఎప్పుడూ స్విచ్చి కిందే కూర్చునేది. ప్రార్థన మొదలవగానే లైటార్పేసేది. "కళ్లు మూసుకున్నోళ్లకి లైటెందుకురా?" అనేది. మా కూటాల్లో అది ఎంత పాత ఆచారమంటే, స్టూలెక్కినప్పుడు నాకు తట్టనే లేదు.

టక్! గది చీకటి. పాట మధ్యలో కీబోర్డు మూగబోయింది.

"బావా, కరెంటు పోయిందా?" అన్నాను పక్కనే ఉన్నవాడితో గుసగుసగా.

"పోనేదు. మీ మామ్మ పంపేసింది."

సీలింగు వైర్లకి సాకెట్ పెట్టానుగా, లైటు స్విచ్చే ఇప్పుడు కీబోర్డుకీ స్విచ్చి! దానికీ నాకూ మధ్య సంఘమంతా మోకాళ్ల మీద ఉంది. ప్రార్థనలో కేకేయడం మహాపాపం. నా క్రిస్మస్ అయిపోయిందనుకుని, చచ్చిన కీబోర్డు మెట్ల మీద వేళ్లు ఆడిస్తూనే ఉన్నాను. కానీ పాట ఆగలేదు! ఆడవాళ్లు పై స్థాయిలో అందుకున్నారు, మగవాళ్లు కింద నిలబెట్టారు. పోర్టులో ఏదో ఓడ కూత కూడా (సుమారుగా శ్రుతిలోనే) కలిసింది. నాకు ఒళ్లు జలదరించింది.

ఆమేన్ అనగానే మళ్లీ టక్. అయ్యగారు కళ్లు తుడుచుకుంటున్నారు.

"చివర్లో వాయిద్యం ఆపి సంఘాన్ని పాడనిచ్చావు చూడు, అది నేర్పితే వచ్చేది కాదు బాబూ!"

నేను నోరు తెరిచేలోగా మామ్మ అందుకుంది. "ఆపింది నానే అయ్యగారూ. కళ్లు మూసుకున్నోళ్లకి లైటెందుకని!"

అయ్యగారు స్విచ్చి చూశారు, సీలింగు నుంచి దిగిన వైరు చూశారు, కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. "అయితే క్రిస్మస్‌కి ఇద్దరూ రండి. వాయించడం వీడిది, ఎప్పుడాపాలో చెప్పడం మీది!"

మామ్మ దాన్ని వేళాకోళం అనుకోలేదు. క్రిస్మస్ రోజు ముందు వరసలో కూర్చుని, ఆఖరి చరణానికి వేలెత్తింది. నేను చేతులు తీసేశాను.

ఇప్పుడు మధురవాడలో మా అపార్ట్‌మెంట్‌కి గోడగోడకీ ప్లగ్గులే. మామ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. అయినా ఆఖరి చరణానికి నా చేతులు వాటంతటవే లేస్తాయి, కళ్లు గుమ్మం పక్కకి వెళ్తాయి. ఎలక్ట్రీషియన్నని గాల్లో తేలిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. లైటు ఆర్పేసుకున్నా ఫర్వాలేదు.