అరవై నాలుగు సముద్రపు పురుగులు

బురదలో బతికేవి పందొమ్మిది. రాళ్ల కింద దాక్కునేవి పద్నాలుగు. ఆల్చిప్పల మీద సున్నపు గొట్టాలు కట్టుకునేవి పదకొండు. నాచులో తిరిగేవి తొమ్మిది. ఆకుల్లా పలచనివి ఆరు. ఎక్కడా నిలవకుండా నీళ్లలోనే తేలుతూ బతికే, అద్దం ముక్కల్లాంటివి ఐదు. మొత్తం అరవై నాలుగు సముద్రపు పురుగులు, ముప్పై ఒక్క సీసాల్లో. అన్నీ నా చేతిలోనే పోయాయి.

అవి ఎమ్మిగనూరు హైస్కూలు సైన్సు మాస్టరువి. మా వైపే, మాధవరం దగ్గర పుట్టిన మనిషి. మద్రాసులో చదివే రోజుల్లో, సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని ఒడ్డున ఒక్కొక్కటే ఏరి స్పిరిటులో వేసుకున్నాడు. "సముద్రం సూడని పిల్లోళ్లకు ఇదేప్పా సముద్రం" అనేవాడు. నేను ఆదోనిలో పత్తి మిల్లులో తూకాల గుమాస్తాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. లెక్కలు ఆయన దగ్గర ఎరువు తెచ్చిన పుస్తకాలతో నేర్చుకున్నాను.

ఆ వేసవిలో బడికి పైకప్పు మార్చే పని పెట్టారు. ఆయనేమో ట్రైనింగుకని కర్నూలు వెళ్లాలి. జూన్ చివర ఇన్‌స్పెక్టరు వచ్చి ఈ సీసాలు చూస్తేనే సైన్సు గది మంజూరవుతుంది. సీసాలను మిల్లు పత్తిలో చుట్టి బస్సులో మా ఇంటికి చేర్చాం.

"నీకంటే జాగ్రత్త మనిషి నాకు యాడ దొరుకుతాడప్పా" అని వెళ్లిపోయాడు.

మా అమ్మ సీసాల వరస చూసి, "ఏమిరా, మన సేన్లో వానపాములు సాలవని సముద్రానివి గూడా తెచ్చినావా" అంది.

ప్రతి సీసాకూ స్పిరిటు ఉన్న మేరకు నూలుపోగు కట్టాను. ఆదోని ఎండకు మూతల సందుల్లోంచి స్పిరిటు ఎగిరిపోయేది. పన్నెండు రోజుల్లో పోగుకు వేలెడు కిందికి దిగింది. మద్యనిషేధం రోజులవి. స్పిరిటు కొనబోతే మందుల షాపతను పర్మిట్ కాగితం అడిగాడు.

"తాగేదానికి గాదన్నా, పురుగులకు" అన్నాను.

"పురుగుల పేరు సెప్పి తాగినోళ్లను శానా మందిని సూసినాన్లే" అని ఇవ్వకుండా పంపేశాడు.

వెయ్యి పాళ్ల సముద్రపు నీటిలో ముప్పై ఐదు పాళ్లు ఉప్పని మాస్టరు పుస్తకంలోనే చదివాను. సముద్రంలో పుట్టినవాటికి సముద్రమంత ఉప్పు చాలునని లెక్క వేశాను. మిల్లు త్రాసులో ఉప్పు తూచి, నీళ్లలో కలిపి, రోజూ ఉదయం పోగు దాకా నింపాను. దిగినంతా పోశాను. ఒక్క రోజూ తేడా రాలేదు.

జూన్ మొదటి వారానికి సీసాలు గంజిలా తెల్లబడ్డాయి. మూత తీస్తే అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"నన్నొక మాట అడిగింటే సెప్తాంటి గదరా. మామిడికాయకే గుప్పెళ్లకు గుప్పెళ్లు ఏస్తాము. ఇంత సప్పిడి నీళ్లలో ఏది నిలుస్తాది?"

నేను ఉప్పునీళ్లు పోసిన ఆ రోజుల్లోనే, అదే వసారాలో, ఆ సీసాల పక్కనే ఆమె నాలుగు జాడీలు ఊరగాయ పెట్టింది. అందులో ఉప్పెంతో నేను తూచలేదు.

మాస్టరు వచ్చి ఒక సీసా వంచి చూశాడు. సున్నపు గొట్టాలు మిగిలాయి. కట్టుకున్నవి లేవు.

"పోగు దాకా నిండే ఉండాయి గదప్పా" అన్నాడు. "నీ లెక్క తప్పలేదు."

ఇన్‌స్పెక్టరు ఖాళీ అర చూసి వెళ్లిపోయాడు. గది రాలేదు. మాస్టరు పురుగులను సుద్దముక్కతో నల్లబల్ల మీద గీసి పాఠం చెప్పాడు. సీసాలు కడిగి తీసుకెళ్లిన రోజు, "అరవై నాలుగు తెచ్చియ్యి, సరిపోతాది" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నేను రాసుకున్నాను.

తరువాతి ఏళ్లలో మిల్లు పని మీద మూడుసార్లు మద్రాసు వెళ్లాను. బురద తవ్వాను, రాళ్లు తిప్పి చూశాను. మూడుసార్లకూ కలిపి బురదవి పన్నెండు, రాళ్ల కిందవి నాలుగు, గొట్టాలవి ఏడు దొరికాయి. నాచువి ఒక్కటీ దొరకలేదు. ఆకుల్లాంటివి వేలితో ఎత్తితే చిరిగిపోయాయి. అద్దం ముక్కల్లాంటివి నా కంటికి ఆనలేదు.

మూడోసారికి ఆయన ఆస్పరికి బదిలీ అయ్యాడు. అక్కడికే తీసుకెళ్లి ఇచ్చాను. "ఇంకా ఏరుతాండావా" అని అర మీద పెట్టాడు. లెక్క పెట్టలేదు.

ఈ రోజుకు నేను ఇవ్వవలసినవి నలభై ఒకటి.